దీర్ఘకాలపు బడలిక, తలనొప్పి: సూరతు మరమగ్గముల పేటలవారు తెలిసికొనవలసిన కారణములు

సూరతు పట్టణమునందలి లింబాయతు, ఉధనా మున్నగు పేటలలో తెలంగాణ జిల్లాలనుండి పోయి కాపురముండు పద్మశాలి కుటుంబములు పెక్కు గలవు. ఆ పట్టణపు పురపాలక సంస్థ నడపు ప్రాథమిక పాఠశాలలలో తెలుగున బోధించునవియు నుండుటనుబట్టి వారి సంఖ్య స్వల్పము కాదని తెలియుచున్నది. వీరిలో పలువురకు మరమగ్గములే జీవనాధారము. షిఫ్టు సాధారణముగా 12 గంటలు. కూలి నేసిన మీటర్ల లెక్కను ముట్టును గాని గడచిన గంటల లెక్కను ముట్టదు. కావున ఒంటిలో సత్తువ లేదనియు, తల దిమ్ముగా నున్నదనియు చెప్పువాడు ఆ దినము సెలవు పెట్టడు. వీధి దుకాణమున రెండు మాత్రలు కొని, టీతో మ్రింగి, మగ్గము వద్దకు పోవును. ఇట్లే నెలలు గడచును. తుదకు కూలి తగ్గినపుడు మేస్త్రీ సోమరితన మనును. ఇంటివారు దిష్టి యందురు.

బడలిక, తలనొప్పి యనునవి రోగముల పేర్లు కావు. అవి పలు రోగములకును, రోగము కాని పలు కారణములకును సామాన్యమైన చిహ్నములు. ఒకే పేటలో ఒకే విధముగా మూలుగు నలుగురిలో ఒకనికి మలేరియా, మఱొకనికి గదిలోని పొగ, ఇంకొకతెకు రక్తహీనత, నాల్గవవానికి తాను మ్రింగు మాత్రలే కారణము కావచ్చును. కావున అందఱకు నొకే మందు పనికిరాదు. కారణమును వెదకుటకు యంత్రములకంటె ముందు మూడు సంగతులు తెలియవలెను: బాధ ఏ వేళకు వచ్చుచున్నది, ఎచ్చట నుండగా తగ్గుచున్నది, తోడివారిలో మఱెవ్వరికి గలదు. వైద్యుడు అడుగకున్నను రోగియే వీనిని చెప్పుట మేలు.

మూడవ ప్రశ్న యొక్క విలువ గదిగాలి విషయమున బాగుగా తెలియును. తెల్లవారి లేచునప్పటికే తలనొప్పియు వికారమును ఉండి, జ్వరము లేక, బయటగాలిలో కొంతసేపు తిరిగిన పిమ్మట తగ్గుచు, అదే గదిలో పరుండిన మఱి యొకరిద్దఱకు నట్లే యుండినయెడల, మొదట శంకింపవలసినది కార్బను మోనాక్సైడు అను వాయువును. బొగ్గుల కుంపటి, కట్టెలపొయ్యి, గాలి చాలక మండు గ్యాసు గీజరు, లోపల నడపు జనరేటరు, ఇవి యన్నియు దీనిని పుట్టించును. దీనికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును ఇది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. అందుచేత ఊపిరి చక్కగా ఆడుచున్నను మెదడునకును కండరములకును ప్రాణవాయువు చాలదు. బయటగాలిలోనికి వచ్చిన తరువాత రక్తమున నున్న ఈ విషము సగమగుటకు నాలుగైదు గంటలు పట్టును. రాత్రి విషముసోకిన మనిషి మధ్యాహ్నము ఆసుపత్రికి పోవునప్పటికి పరీక్షలో ఏమియు కనబడకపోవుట కిదియే హేతువు. వ్రేలికి తగిలించి చూచు ఆక్సీమీటరు ఈ విషమును గుర్తింపజాలదు. అది చూపు అంకె మంచిదిగనే యుండును. సూరతులో చలి కొలది దినములే యైనను, ఆ దినములలో కిటికీలు బిగించి కుంపటి లోపల నుంచుకొని పరుండు అలవాటు కొందఱకు గలదు. ఇది ఎంతమాత్రమును కూడదు. తలుపు సందు కొంచెము తెరచి యుంచినచో చాలుననుకొనుటయు పొరపాటే.

వాసన గల వాయువులును ప్రమాదకరములే. పాండేసరా, సచిను పారిశ్రామిక వాడలలో అద్దకపు మిల్లులును రసాయనపు కార్ఖానాలును దగ్గఱ దగ్గఱగా నున్నవి. 2022వ సంవత్సరము జనవరి 6వ తేదీ వేకువను సచినులో ఒక ట్యాంకరునుండి కాలువలోనికి వదలిన రసాయనమువలన విషవాయువు పుట్టి 6 గురు కార్మికులు మరణించిరి. మఱి పలువురు ఆసుపత్రి పాలైరి. అట్టి ఘోరములు లోకమునకు తెలియును. దినదినము కొంచెము కొంచెముగా పీల్చు ద్రావకముల ఆవిరి సంగతి ఎవరికిని పట్టదు. పనిదినములలో సాయంకాలమునకు పెరిగి, వారపు సెలవునాడు తేలికపడి, మరల పనిలో దిగినంతనే వచ్చు తలనొప్పి ఇట్టి ఆవిరిని సూచించును. కుళ్లిన గ్రుడ్ల వాసన కొట్టు హైడ్రోజను సల్ఫైడు విషయమున మఱియొక మోసము గలదు: గాలిలో దాని పాలు హెచ్చినపుడు అది ముక్కునకు వాసన తెలియు శక్తినే చంపివేయును. వాసన పోయినదని ధైర్యముతో కాలువలోనికో తొట్టిలోనికో దిగినవారు మరణించుట కిదియొక కారణము.

మగ్గపు కొట్టములో రసాయనములు లేకున్నను శబ్దము, ఉక్కపోత, నిద్రలేమి యను మూడును గలవు. మరమగ్గముల నడుమ శబ్దము 90 డెసిబెలులకు మించుట సాధారణము. ఫ్యాక్టరీ నిబంధనలు 8 గంటల పనికి 90 డెసిబెలులను హద్దుగా నుంచినవి. పని 12 గంటలైనపుడు చెవులకును తలకును విశ్రాంతి యెంత తక్కువయో ఊహింపవచ్చును. సూరతు సముద్రమునకు చేరువ. అచ్చటి వేసవిలో ఎండకంటె గాలిలోని తేమయే యెక్కువ బాధించును. చెమట కారునే గాని ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబఱుపదు. నీళ్లు త్రాగుటకు మగ్గము నాపిన నేత తగ్గునని దాహము నోర్చుకొనువారికి మూడవ జాముననే తలపోటు మొదలగును. మూత్రము పసుపు పచ్చగా, తక్కువగా పోవుచుండుటయే దీనికి గుఱుతు. ఇక నిద్ర. ఒడిశాలోని గంజాము జిల్లానుండి వచ్చిన కార్మికుల వసతి గదులలో పగటి షిఫ్టువాడు లేచిన చోటనే రాత్రి షిఫ్టువాడు పరుండుట ప్రసిద్ధము. తెలుగువారిలో కుటుంబములతో నుండువారు హెచ్చు గాని, ఒక్క గది యింటిలో పిల్లల నడుమ పగటినిద్ర ఎట్టిదో వేఱుగా చెప్పనక్కరలేదు. వారము వారము షిఫ్టు మారువానికి ఒడలిలోని గడియారము ఎన్నడును కుదురుకొనదు. ఇతనికి టానిక్కు వలన ప్రయోజనము లేదు. షిఫ్టు మార్పును వారమునకు బదులు ఎక్కువ దినములకు ఒకమారు చేయుటయు, పగటి గదికి చీకటి చేయుటయు కొంత మేలు చేయును.

ఇక అంటురోగములు. 1994 సెప్టెంబరులో సూరతున ప్లేగు వ్యాధి పొడసూపినపుడు లక్షల జనము పట్టణము విడిచి పారిపోయిరి. ఆ మఱుసటి సంవత్సరము పురపాలక కమిషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావు గారి కాలమున పారిశుద్ధ్యము మార్పు చెందినది; చెత్త యెత్తుట, కాలువలు బాగుచేయుట, జ్వరముల లెక్క దినదినము తెప్పించుకొనుట వ్యవస్థకు వచ్చినవి. మలేరియా నాటితో పోల్చిన మిక్కిలి తగ్గినది. తగ్గినది గాని పోలేదు.

మలేరియా యెడల తెలుగువారికి ఒక చారిత్రక సంబంధము గలదు. 1897 ఆగస్టు 20వ తేదీని రోనాల్డు రాసు దోమ కడుపులో ఈ రోగపు క్రిమిని కనుగొన్నది సికిందరాబాదుననే. పల్లెలో మలేరియా దోమ వాగులలోను గుంటలలోను పెరుగును. పట్టణమున మఱియొక జాతి దోమ మేడమీది నీటితొట్టెలలో, మూతలేని సిమెంటు తొట్లలో, అనగా మంచినీళ్లలోనే, గ్రుడ్లు పెట్టును. కావున మురికికాలువ శుభ్రముగా నున్నంత మాత్రాన మలేరియా లేదనుకొనరాదు. చలి, వణుకు, జ్వరము, చెమట అను వరుస అందఱకు తెలిసినదే. తెలియనిది దాని తరువాతి కథ. వైవాక్సు అను జాతి క్రిమి రక్తమునుండి తొలగిన పిమ్మటను కొంతభాగము కాలేయమున నిద్రించుచుండి, వారములకో నెలలకో మరల మేలుకొనును. జ్వరము తగ్గినదని మందు నడుమ మానినవానికి ఇది కలుగవచ్చును. ప్రతి పునరాగమనమునను రక్తము క్షీణించును. జ్వరము లేని దినములలో సైతము మనిషి పాలిపోయి, మెట్లెక్క ఆయాసపడుచు, తలబరువుతో తిరుగుచుండును. కాలేయములోని క్రిమిని చంపుటకు ప్రిమాక్విను అను మందు 14 దినములు వాడుట రూఢమైన పద్ధతి. అయితే జి6పీడీ అను పదార్థము రక్తమున తక్కువగా గలవారికి ఆ మందు రక్తకణములను పగులగొట్టును, గర్భిణులకు నీయరాదు. అందుచే దానిని వైద్యుని చేతిమీదుగనే పుచ్చుకొనవలెను. రక్తపుచుక్క పరీక్ష చేయింపకయే ‘మలేరియా మాత్రలు’ రెండు మ్రింగుట మిక్కిలి చెడ్డ అలవాటు: క్రిమి చావదు, మఱునాటి పరీక్షలో కనబడనంతగా అణగియుండును.

క్షయను గూర్చి ఇంకను జాగ్రత్త వలయును. గాలి చొరని గదులలో పలువురు కలిసి యుండుట, కొట్టములో గంటల కొలది తోడివారితో నుండుట ఆ రోగమునకు అనుకూలము. రెండు వారములకు మించిన దగ్గు, సాయంకాలపు వెచ్చదనము, రాత్రి చెమటలు, బరువు తగ్గుట, వీనిలో ఏది కనబడినను కఫపరీక్ష చేయింపవలెను; ఈ పరీక్షయు మందులును ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. క్షయ ఊపిరితిత్తులకే పరిమితము కాదు. మెదడు పొరలకు సోకినపుడు మొదట రెండు మూడు వారములు మందమైన తలనొప్పి, చిఱుజ్వరము, అరుచి, స్వభావములో మార్పు మాత్రమే యుండును. దీనిని ‘పని బడలిక’ యని త్రోసివేయుదురు. తరువాత వాంతులు, మెడ బిగియుట, మగతనిద్ర వచ్చును, అప్పటికి ఆలస్యమగును. ఎన్నడును తలనొప్పి యెఱుగనివానికి క్రొత్తగా తలనొప్పి పుట్టి వారములకొలది దినదినము హెచ్చుచుండినచో, చిఱుజ్వరము తోడైనచో, పెద్ద ఆసుపత్రికి పోవలసినదే.

వానకాలమున దక్షిణ గుజరాతు వరిపొలములలోను చెఱకుతోటలలోను ఎలుకజ్వరము, అనగా లెప్టోస్పైరోసిస్, తఱచు కనబడును. ఎలుకల, పశువుల మూత్రము కలిసిన నీటిలో నడచువాని కాలిపగుళ్లద్వారా క్రిమి ప్రవేశించును. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయమునుండి విడిచిన నీటితో తాపీనది పొంగి సూరతులో అధికభాగము మునిగినపుడు పట్టణవాసులును ఇట్టి నీటిలో దినములకొలది నడచిరి. హఠాత్తుగా జ్వరము, తీవ్రమైన తలనొప్పి, పిక్కలలో పట్టరాని నొప్పి, కన్నులు ఎఱ్ఱబడుట దీని లక్షణములు. కొందఱకు జ్వరము పోయిన పిమ్మట నెలల తరబడి నీరసము మిగులును. కాచని పాలవలన వచ్చు బ్రూసెల్లా జ్వరమును ఇట్టిదే. తగ్గుచు పెరుగుచు, కీళ్లనొప్పులతో, ఎంతకాలమైనను తెమలక పీడించును. పశువులు పెంచు ఇండ్లవారు పాలు పొంగువఱకు కాచి త్రాగవలెను. డెంగీ, టైఫాయిడు తరువాతను కొన్ని వారముల బడలిక సహజమే. బోదకాలు దోమ మురుగునీటిలో పెరుగును. ఆ రోగము తలనొప్పికి ముఖ్యకారణము కాదు గాని, మాటిమాటికి చలిజ్వరమును గజ్జలలో బిళ్లలును వచ్చుచుండినచో దానినిగూడ తలచుకొనవలెను.

ఆడువారి విషయము వేఱుగా చెప్పవలసియున్నది. పేటలలోని స్త్రీలు పలువురు ఇంటివద్దనే చీరల దారములు కత్తిరించుట, రాళ్లు అంటించుట, జరీ అంచులు కుట్టుట చేయుదురు. మసక వెలుతురులో తలవంచి గంటలకొలది చేయు ఈ పనివలన కన్నులకును మెడకును కలుగు శ్రమ తలనొప్పి యగును. రాళ్ల జిగురునందలి ద్రావకపు వాసన దానికి తోడగును. కిటికీ దగ్గఱ కూర్చుండి చేసిన రెండును కొంత తగ్గును. కాని వీరి బడలికకు మూలము తఱచు రక్తహీనత. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గుజరాతునందు 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 65 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. దేశము మొత్తము మీద నూటికి 57. ఇంతమందికి గల రోగము రోగముగా తోచకపోవుటయే దీనిలోని చిక్కు. తల్లి, అత్త, ఆడుబిడ్డ అందఱును అట్లే అలసియుండగా, ఆడుదాని బ్రతుకే ఇంత యనుకొందురు. ఇనుము చాలని తిండి, నెలసరి రక్తస్రావము, వెంట వెంట కాన్పులు, ప్రేగులలోని కొంకిపురుగులు దీనికి కారణములు. కొంకిపురుగు వట్టికాళ్లతో నడచువారి అరికాలి చర్మమునుండి చొచ్చి, ప్రేగున పట్టుకొని రక్తము పీల్చును. సెలవులకు స్వగ్రామము పోయి పొలములలో చెప్పులు లేక తిరిగివచ్చువారు దీనిని మఱువరాదు. ఇనుపమాత్రలు వేసికొనిన వెంటనే టీ త్రాగినచో ఇనుము ఒంటబట్టదు. గంట రెండు గంటలు ఎడము వలయును.

మొదట చెప్పిన మాత్రల సంగతి మిగిలియున్నది. సాధారణమైన నొప్పిమాత్రలను నెలకు 15 దినములు, లేక కెఫీను మొదలగునవి కలిపిన మిశ్రమపు మాత్రలను నెలకు 10 దినములు, మూడు నెలలకు మించి వాడుచుండినచో ఆ మాత్రలే తలనొప్పిని పుట్టించును. మందు దిగినకొలది నొప్పి యెక్కును, నొప్పికి మరల మందు వేయుదురు. ఇట్టివానికి మాత్రలు మానుటయే చికిత్స. మానిన మొదటి వారము రెండు వారములు నొప్పి హెచ్చునని ముందుగా తెలిసియుండిన ఓర్చుకొనగలడు. ఇవి గాక కొన్ని నొప్పిమాత్రలు చెమటతో ఎండిన శరీరమున మూత్రపిండములను చెఱచును. కొట్టములో పనిచేయువానికి ఈ ప్రమాదము ఇతరులకంటె హెచ్చు.

పరీక్షలన్నియు సరిగానుండియు బడలిక వదలనివారు కొందఱు గలరు. వీరిని కల్లరోగులనుట అన్యాయము. ఆస్ట్రేలియాలో డబ్బో అను ఊరిప్రాంతమున మూడు వేర్వేఱు అంటుజ్వరముల పాలైన 253 మందిని వైద్యులు వెన్నంటి పరీక్షించి 2006లో ప్రకటించినదేమనగా, ఆఱు నెలల తరువాతను నూటికి 12 మందికి పనిచేయనీయని బడలిక మిగిలినది. అది ఏ క్రిమివలన వచ్చినదను దానికంటె మొదటి జ్వరమెంత తీవ్రమో దానినిబట్టియే యుండెను. 2019 తుదిలో మొదలైన కోవిడు తరువాత ఇట్టివారు ప్రపంచమంతట కనబడిరి. ఈ స్థితి ముఖ్యలక్షణము ఒకటి గలదు: కొంచెము శ్రమపడిన మఱునాడో ఆ మఱునాడో రోగి ఒక్కసారిగా కూలబడును, నిద్రించినను తేఱుకొనడు. ఇట్టివానిని బలవంతముగా దినదినము ఎక్కువ పని చేయించిన బలము వచ్చునను పూర్వపు అభిప్రాయమును ఇంగ్లండు వైద్యప్రమాణముల సంస్థ 2021లో ఉపసంహరించినది. ఉన్న శక్తిని కొలిచి, మించకుండ పని పంచుకొనుటయే నేటి సలహా. మీటరు లెక్క కూలివానికి ఇది చెప్పుట సులభము, చేయుట కష్టము. అయినను రెండు మగ్గముల నడుమ పరుగిడు పనినుండి కండె చుట్టుట వంటి కూర్చుండి చేయు పనికి కొన్ని నెలలు మార్చగల యజమాని నేర్పుగల నేతగాని నొకని నిలుపుకొనును.

కొన్ని లక్షణములకు ఆలోచనయే కూడదు. ఆ గంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పిడుగువలె ఒక్కసారిగా వచ్చిన తలనొప్పి, జ్వరముతో మెడ బిగియుట, మూర్ఛ, మాట తడబడుట, ఒకవైపు కాలుసేతులు పట్టుదప్పుట, చూపు మందగించుట, గర్భిణికి తలనొప్పితో కాళ్లు ముఖము వాచుట అట్టివి.

దీర్ఘవ్యాధితో స్వస్థలమునకు పోవువారు తమ కాగితములను సూరతు గదిలో విడిచిపెట్టరాదు. రక్తపరీక్షల చీటీలు, వాడిన మందుల పేర్లు, పనిచేసిన వాడ, వరదనీటిలో నడచిన కాలము, గదిలో వాడు పొయ్యి, తోడివారిలో ఎవరికైన క్షయ యున్నదా లేదా, ఇవి ఒక కాగితముమీద తెలుగుననే వ్రాసి తీసికొనిపోయినచో, సిరిసిల్లలోనో వరంగల్లులోనో చూచు వైద్యుడు చేసిన పరీక్షలనే మరల చేయింపక, చేయనివానిని మొదట చేయింపగలడు.